హేడ్రియన్ గోడను గురించిన ఒక లాటిన్ వాక్యం: "వేరుచేయడం" వేరు, "ఆపడం" వేరు

హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్‌లో కట్టించిన గోడను గురించి రోమన్ చక్రవర్తుల జీవితచరిత్రల లాటిన్ సంపుటి 'హిస్టోరియా ఆగస్టా' చెప్పేది ఒక్క వాక్యమే: ఎనభై రోమన్ మైళ్ల మేర గోడను మొదట నిర్మించినవాడు ఆయనేనని, అది "క్వి బార్బరోస్ రోమానోస్క్వే డివిడెరెట్", అనగా బర్బరులను, రోమనులను వేరుచేసేదని. దీనిని "అనాగరికుల దాడులను ఆపడానికి" అని తెనిగించవచ్చునా అని ఇక్కడ అడిగిన ప్రశ్నకు, కూడదనే నా సమాధానం.

అందులోని హేడ్రియన్ జీవితచరిత్రలోనే కొంచెం ముందుకు పోతే, బర్బరులను నదులు గాక కేవలం సరిహద్దులే విడదీస్తున్న చోట్ల హేడ్రియన్ పెద్ద పెద్ద దుంగలను లోతుగా పాతించి, ఒకదానితో ఒకటి బిగించి, గోడవంటి కంచె కట్టించాడని ఉన్నది. అక్కడ నది చేసే పనికీ "వేరుచేయడం" అన్న ఇదే లాటిన్ క్రియ వాడారు. నది దండును ఆపవచ్చు, ఆపలేకపోవచ్చు. ఇది మన ఒడ్డు, అది వాళ్ల ఒడ్డు అని మాత్రం తేల్చి చెబుతుంది.

హేడ్రియన్ రాజనీతికి కూడా ఈ అర్థమే సరిపోతుంది. క్రీ.శ. 117లో గద్దెనెక్కగానే, తనకు ముందటి చక్రవర్తి ట్రాజన్ యూఫ్రటీస్ నదికి తూర్పున గెలిచిన భూములను వదులుకొని, బంగారు గనులున్న డాసియాను (నేటి రొమేనియా ప్రాంతం) మాత్రం నిలుపుకొన్నాడు. 122 ప్రాంతంలో మొదలైన బ్రిటన్ గోడలో రోమన్ మైలుకొక చిన్న కోట, దానిలో ఉత్తరానికి తెరుచుకునే ద్వారం ఉండేవి. ఎవరినీ రానీయకూడదనుకుంటే మైలుకొక ద్వారం దేనికి? గోడకు ఉత్తరాన కందకం తవ్వారు గనుక రక్షణ ఆలోచనే లేదని నేననను. అయితే రాకపోకలను అదుపులో ఉంచుకోవడం కూడా దాని పనేనని ఆ ద్వారాలు చెబుతున్నాయి.

ఈ మాటలు హేడ్రియన్‌వి కావని మరువరాదు. ఎక్కువమంది పండితుల లెక్కలో ఈ గ్రంథం నాలుగో శతాబ్ది చివరిది, పైగా నమ్మదగినదన్న పేరు లేనిది.

"బర్బరులు" అన్న మాటనే ఉంచడం మేలు. గ్రీకులు మొదట గ్రీకు భాష మాట్లాడనివారిని అలా పిలిచారు. "అనాగరికులు" అంటే ఆ సంగతి మరుగున పడుతుంది.

కనుక నా అనువాదం: "బర్బరులకూ రోమనులకూ నడుమ హద్దయ్యే గోడను ఎనభై మైళ్ల మేర మొదట కట్టించినవాడు ఆయనే." ఇందులో "మొదట"ను జారవిడవరాదు, ఎందుకంటే ఇదే గ్రంథం హేడ్రియన్ తరువాతి చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ చరిత్రలో, పచ్చికగడ్డలతో పేర్చిన "మరొక గోడ"ను ప్రస్తావిస్తుంది.