"ద్వాదశార్ధ" అంటే ఆరా, పన్నెండున్నరా?

కాలమానిని:
పాత శాస్త్ర పరికరాల ఫొటోలకు తెలుగులో పేర్లు రాస్తున్నాను. నక్షత్రాల ఎత్తు కొలిచే ఆస్ట్రోలేబుతో ఇబ్బంది లేదు, 1370లో జైన పండితుడు మహేంద్రసూరి వాడిన "యంత్రరాజం" ఉండనే ఉంది. ఒక రాగి గిన్నె దగ్గర ఆగిపోయాను. దోసిట్లో ఇమిడేంత గిన్నె, అడుగున చిన్న చిల్లు. నీళ్ల మీద వదిలితే నిండి మునగడానికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. దీని పేరు వెతుకుతుంటే ఎప్పుడో విన్న ముక్క ఒకటి మనసును వదలడం లేదు: "ద్వాదశార్ధపలోన్మానం... స్వర్ణమాషైః కృతచ్ఛిద్రం". మధ్యలో పాదం జారిపోయింది. ఎక్కడిది? పన్నెండున్నర పలాలనే (పలం పాతకాలపు తూకం) కదా అర్థం? అసలు ఈ గిన్నెను తెలుగులో ఏమనాలి?

లఘువు:
భాగవతం, తృతీయ స్కంధం, పదకొండో అధ్యాయం. జారిపోయిన పాదం "చతుర్భిశ్చతురంగులైః". చివరిది "యావత్ప్రస్థజలప్లుతమ్", అంటే ప్రస్థమనే పాత కొలతంత నీటితో నిండేదాకా. పన్నెండున్నర కాదండీ. ద్వాదశంలో అర్ధం, ఆరు పలాలు.

నిఘంటుప్రియ:
అంత తేలిగ్గా ఆరు అనేయకండి. విష్ణుపురాణం ఆరో అంశంలో ఇదే కొలత "పలాన్యర్ధత్రయోదశ" అని ఉంది. పదమూడోది సగమే నిండింది, అంటే పన్నెండున్నర. అక్కడా నాలుగు బంగారు మాషలే (మాష చిన్న తూకం), నాలుగు అంగుళాలే. ఒకే పరికరానికి రెండు లెక్కలెలా ఉంటాయి? ద్వాదశార్ధను "ద్వాదశమూ అర్ధమూ" అని ద్వంద్వంగా విడదీస్తే రెండు పురాణాలూ కలుస్తాయి. నేను ఎన్నో ఏళ్లుగా ఇలాగే చదువుతున్నాను.

లఘువు:
మీ ద్వంద్వం పోతన గారికి తట్టలేదు మరి. తృతీయ స్కంధం వచనంలో "షట్పల తామ్రంబునం బాత్రంబు రచియించి" అని రాశారు. షట్ అన్న తర్వాత ఇంకా అనుమానం దేనికి?

నిఘంటుప్రియ:
పోతన ఇక్కడ భాగవతానికి సంస్కృత వ్యాఖ్య రాసిన శ్రీధరుడి వెంట నడిచారు. ఆ వ్యాఖ్యలోనూ ఆరు పలాలే. కాబట్టి మీ దగ్గర ఉన్నది ఒకే సాక్ష్యం, రెండు కాదు.

సూత్రధారి:
విష్ణుపురాణ శ్లోకంలో అసలు మాటను ఇద్దరూ వదిలేశారు. "ఉన్మానేనాంభసః" అని ఉంది ముందు. అంభస్సు అంటే నీళ్లు. పన్నెండున్నర పలాలు నీటి తూకం. వెంటనే మగధ మానంలో దాన్నే జలప్రస్థం అంటారని కూడా చెబుతుంది. భాగవతం ప్రస్థజలాన్ని విడిగా చెప్పింది కనుక అక్కడ ద్వాదశార్ధ రాగికి చెందాలి. ఒకటి నీరు, ఒకటి లోహం.

ఇది పట్టించుకోవలసిన తేడా. బరువు రెట్టింపైతే గిన్నె ఇంకా లోతుగా కూరుకుని తేలుతుంది, చిల్లులోంచి నీరు జోరుగా ఎక్కుతుంది, గడియ పొట్టిదైపోతుంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది మాత్రం ఆ బంగారం. చిల్లు ఎంత ఉండాలో చెప్పాలి, అంత సన్నని మందాన్ని కొలిచే సాధనం లేదు. అప్పుడేం చేశారు? నాలుగు మాషల బంగారాన్ని నాలుగు అంగుళాల పొడవు సాగదీయమన్నారు. తూకమూ పొడవూ ఖాయమైతే మందం దానంతటదే ఖాయమవుతుంది. మాషకు అయిదు గురివింద గింజలు, గింజ సుమారు 0.12 గ్రాములు అనుకుంటే 2.4 గ్రాముల బంగారం. అంగుళాన్ని 1.9 సెంటీమీటర్లుగా తీసుకుంటే ఆ తీగ మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తుంది. త్రాసూ అంగుళమూ ఉన్న ఎవరైనా ఎక్కడైనా అదే చిల్లు పొడవగలరు.

పద్యపిపాసి:
సూత్రధారి గారూ, ఇది చదివి పోతన వచనం మళ్లీ తీశాను. "చతురంగుళాయామ శలాకంబు" అంటారాయన, నాలుగు అంగుళాల పొడవైన సన్న కడ్డీ. సంస్కృత శ్లోకంలో శలాక అన్న మాటే లేదు, పాత్ర అన్న మాటా లేదు! బంగారం, అంగుళాలు, చిల్లు, నీళ్లు, అంతే. దేనికి చిల్లు, దేనితో చిల్లు అన్నది చదివేవాడు ఊహించుకోవాలి. పోతన ఆ రెండింటినీ మన చేతిలో పెట్టారు. గజేంద్రమోక్షం పద్యాలు కంఠస్థం చేసి వచనాలు దాటేసే మనం ఇలాంటివి ఎన్ని పోగొట్టుకుంటున్నామో. భక్తకవి అని ఒక్క మాటలో చెప్పేస్తాం గానీ, కంసాలి పక్కన కూర్చుని చూసినట్టు రాసిన వాక్యం ఇది.

కాలమానిని:
అయితే నాకు కావలసిన పేరు ఆ శ్లోకంలో లేనే లేదన్నమాట.

లఘువు:
పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో ఉంది. "తామ్రపాత్రమధశ్ఛిద్రం న్యస్తం కుండేఽమలాంభసి, షష్టిర్మజ్జత్యహోరాత్రే స్ఫుటం యంత్రం కపాలకమ్". కపాలకయంత్రం. దయచేసి "షష్ఠి" అని టైపు చేయకండి. షష్టి అరవై, షష్ఠి ఆరోది. ఒత్తు మారితే రోజుకు అరవైసార్లు మునగాల్సిన గిన్నె లెక్క తప్పుతుంది. షష్టిపూర్తి శుభలేఖల్లోనూ ఇదే తప్పు.

నిఘంటుప్రియ:
కపాలానికి మన మాట గడికుడుక. కుడుక అంటే సగం కొబ్బరి చిప్ప, చిన్న గిన్నె. అక్కడ సగం పుర్రె, ఇక్కడ సగం కొబ్బరికాయ. గడియారం కూడా ఘటికాగారం నుంచే వచ్చిందని నా నమ్మకం. ఈ గిన్నెను పెట్టి, మునిగినప్పుడల్లా గంట కొట్టే ఇల్లు.

పద్యపిపాసి:
తలుపు గడియ కూడా ఇదేనా? కాలాన్ని బిగించేది అన్న అర్థంలో?

నిఘంటుప్రియ:
కాదు. ఆ గడియ వేరు, ఈ గడియ ఘటిక. రూపం కలిసిందంతే.

సూత్రధారి:
గణితవేత్త భాస్కరాచార్యుడి కూతురు లీలావతి పెళ్లి ముహూర్తం కథలో ముత్యం జారిపడి చిల్లు మూసుకుపోయింది ఈ గిన్నెలోనే. ఆ కథను 1587లో అక్బరు ఆస్థాన కవి ఫైజీ, భాస్కరుడి "లీలావతి" గణిత గ్రంథానికి తాను చేసిన పారసీ అనువాదం ముందుమాటలో చెప్పాడు. ఒకటిన్నర మిల్లీమీటర్ల చిల్లుకు ముత్యం కూడా అక్కర్లేదు, నీళ్లలో నలుసు చాలు. "అమలాంభసి", నిర్మలమైన నీటిలో అని సూర్యసిద్ధాంతం అందుకే అంది.

కాలమానిని:
ఫొటో కింద "గడికుడుక" అని రాసేస్తున్నాను.

లఘువు:
"గడియకుడుక" అని విడమరిచి రాస్తే మేలేమో. గడి అంటే చదరంగం గడి అనుకుంటారు.

నిఘంటుప్రియ:
సమాసంలో ఆ "య" నిలవదు. గడికుడుకే.

పద్యపిపాసి:
కుడుకా, కుడకా?