మొదటి సొంత సర్ఫ్‌బోర్డు: 8 అడుగుల ఫోమ్ తర్వాత ఏది?

రుషికొండ_కుర్రాడు
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను. ఇప్పటిదాకా అద్దెకు తీసుకున్న 8 అడుగుల ఫోమ్ బోర్డే. విరిగిన అల నురగ మీద లేచి నిలబడటం బాగానే వచ్చేసింది. ఈమధ్య విరగని అలలు కూడా పట్టుకుంటున్నాను కానీ పక్కకు తిప్పడం రావట్లేదు. బరువు 68 కిలోలు. తెలిసినాయన తన 6 అడుగుల 2 అంగుళాల షార్ట్‌బోర్డు తక్కువలో ఇస్తానంటున్నారు. చూస్తే మనసు లాగేస్తోంది. తీసుకోమంటారా?

కోవలం_కెరటం
తీసుకోవద్దండి. ఆ సైజు షార్ట్‌బోర్డు ఘనపరిమాణం 30 లీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, బోర్డు మిమ్మల్ని ఎంత తేలుస్తుందో చెప్పేది అదే. మీరు వాడుతున్న ఫోమ్ సుమారు 80. అంత తేడా వస్తే పడుకోగానే బోర్డు ఛాతీ కింద మునుగుతుంది, చేతులు నొప్పెట్టేలా పాడిల్ చేసినా అల కింద నుంచి జారిపోతుంది. అల దొరికితేనే కదా నేర్చుకునేది! చెన్నై దగ్గర మా కోవలంలో ఇలా తొందరపడి చిన్న బోర్డు కొని, నెల తిరక్కుండా మళ్లీ అద్దె ఫోమ్ దగ్గరికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

మీ బరువుకు 50 నుంచి 58 లీటర్ల మధ్య చూడండి. అంటే 7 అడుగుల 6 అంగుళాల ఫన్‌బోర్డు. మినీ మాల్ అన్నా దాదాపు అదే. వెడల్పు 22 అంగుళాలకు దగ్గరగా, మందం మూడుకు కాస్త తక్కువగా, ముక్కు గుండ్రంగా ఉండాలి. కొలతలు, లీటర్లు చాలా బోర్డుల మీద అడుగువైపు మధ్యలో నిలువునా ఉండే సన్నటి కర్ర పక్కన రాసి ఉంటాయి. అమ్మేవాళ్లను ఆ ఫొటో అడగండి.

శాండియేగో_శ్రీకాకుళం
పైన చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను. తిప్పడం రాకపోవడానికి కారణం బోర్డే అనుకోకండి. నిలబడ్డాక మీ వెనక కాలు ఎక్కడ పడుతోందో ఎవరితోనైనా వీడియో తీయించండి. కొత్తలో అందరికీ ఆ కాలు బోర్డు మధ్యలోనే ఆగిపోతుంది. ఫిన్‌ల (బోర్డు అడుగున తోకవైపు ఉండే రెక్కల) దగ్గరికి జరిగి, చూపు బోర్డు ముక్కు మీద కాకుండా అల సాగే వైపు పెడితే 8 అడుగుల ఫోమ్ కూడా తిరుగుతుంది. అది వచ్చాక బోర్డు మారిస్తే కొత్త బోర్డులో తేడా మీకే తెలుస్తుంది.

ఇక్కడ కాలిఫోర్నియాలో పొడవైన, మెత్తటి అలల బీచ్‌లకు ఏళ్ల తరబడి సర్ఫ్ చేస్తున్నవాళ్లు కూడా 9 అడుగుల లాంగ్‌బోర్డులే తెస్తారు. పెద్ద బోర్డంటే కొత్తవాళ్లదే అన్న చిన్నతనం అస్సలు వద్దు.

అలల_అమ్మాయి
నేను హైదరాబాద్ నుంచి వీలైనప్పుడల్లా చెన్నై వెళ్లి సర్ఫ్ చేస్తాను. బరువు 52 కిలోలు, చేతులు పొట్టి. కొనేముందు నా సలహా ఒకటే: బోర్డును చంకలో పెట్టుకుని ఇసుకలో వంద అడుగులు నడవండి. 22 అంగుళాల వెడల్పు నా చేతికి అందదు, నెత్తిన పెట్టుకుంటే గాలికి తిప్పేస్తుంది. అందుకే 7 అడుగులకు, 21 అంగుళాలకు దిగాను. సుమారు 42 లీటర్లు, నా బరువుకు అది చాలినంత. లీటర్లు ఎవరి బరువుకు వాళ్లు చూసుకోవాలి, పక్కవాళ్లను చూసి కొనకూడదు.

ముల్కీ_మిత్రుడు
అందరూ గట్టి బోర్డులే చెబుతున్నారు, నేను ఒప్పుకోను. రుషికొండలో ఆదివారం సాయంత్రం స్నానాలకు ఎంతమంది దిగుతారో తెలుసు కదా. పడినప్పుడు ఫైబర్‌గ్లాస్ అంచు, గట్టి ఫిన్‌లు ఎవరికి తగిలినా దెబ్బ గట్టిదే. పిల్లలున్న చోట ఇంకా ప్రమాదం. 7 అడుగుల మంచి ఫోమ్ బోర్డు, లోపల కర్ర ఉన్నది, ఇంకో సీజన్ హాయిగా వాడుకోవచ్చు. గట్టిదే కావాలంటే తెల్లవారుజామున, జనం లేనప్పుడు వెళ్లండి.

కోవలం_కెరటం
ముల్కీ గారు చెప్పింది న్యాయమే. జనంలో అయితే నేనూ ఫోమే అంటాను.

రుషికొండ_కుర్రాడు
చాలా థాంక్స్. నేను పొద్దున్నే ఆరింటికి దిగుతాను, అప్పుడు జనం తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో 7'6" ఒకటి ఉందట. ఏం చూడాలి?

రెజిన్_రాజు
బోర్డులు బాగుచేస్తుంటాను కాబట్టి దీనికి నేను చెబుతా. ముందు ఎండలోకి తీసుకురమ్మనండి. కాలు జారకుండా పైన రాసే మైనం మొత్తం గీకించండి, మైనం కిందే పగుళ్లు దాక్కుంటాయి. తర్వాత నిలబడే చోట బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ పోండి. కాస్త లోపలికి దిగి చిన్నగా కరకరమంటే అక్కడ పైనున్న ఫైబర్‌గ్లాస్ పొర లోపలి ఫోమ్‌ను వదిలేసినట్టే. అలాంటిది వదిలేయండి. కారులో, ఎండలో పెట్టిన బోర్డులకు ఇది ఎక్కువగా వస్తుంది. ఫిన్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపండి, దాని మొదలు దగ్గర సన్నటి గీత కనబడితే నీళ్లు దిగుతున్నాయేమో అనుమానించాల్సిందే. పసుపు రంగు ఒక్కటే అయితే భయం లేదు, ఎండకు పాత పీయూ (పాలియురేథేన్ ఫోమ్) బోర్డులన్నీ అలా అవుతాయి. చేత్తో ఎత్తినప్పుడు సైజుకు మించి బరువనిపిస్తేనే ఆలోచించాలి.

పీయూనా, ఎపాక్సీనా అని తప్పకుండా అడగండి. ఎపాక్సీ బోర్డుల్లో ఎక్కువ వాటికి లోపల ఈపీఎస్ ఫోమ్ (థర్మోకోల్ లాంటిది) ఉంటుంది. బాగుచేసేటప్పుడు మామూలు పాలిస్టర్ రెజిన్ (గట్టిపడే జిగురు) తగిలితే అది కరిగిపోతుంది. దానికి ఎపాక్సీ రెజినే వాడాలి. పీయూకు రెండూ పనికొస్తాయి. కొత్తవాళ్లకు నేను ఎపాక్సీయే చెబుతాను: తేలిగ్గా ఉంటుంది, చిన్న దెబ్బలకు సొట్ట పడదు. కానీ చిల్లు పడితే ఆ రోజుకు నీళ్లలోంచి బయటికి వచ్చేయాలి. తడి లోపలికి పోతే ఆరబెట్టడం పెద్ద పని.

అలల_అమ్మాయి
స్కూటర్ మీద తీసుకెళ్లేట్టయితే పక్కన బిగించే ర్యాక్ చేయించుకోండి, వెల్డింగ్ షాపులో చేసిస్తారు. బోర్డు తగిలే చోట రబ్బరు గొట్టం చుట్టించడం మర్చిపోకండి.

రుషికొండ_కుర్రాడు
షార్ట్‌బోర్డు ఆయనకు వద్దని చెప్పేశాను. ముందు 7'6" రెండు మూడుసార్లు అద్దెకు తీసుకుని చూసి, తర్వాత ఆ సెకండ్ హ్యాండ్‌ది కొంటాను. దానికి లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు) లేదట. నా దగ్గర 6 అడుగులది ఉంది, సరిపోతుందా?

శాండియేగో_శ్రీకాకుళం
సరిపోదు. లీష్ కనీసం బోర్డంత పొడవుండాలి, మీరు 8 అడుగులది తీసుకోండి. పొట్టిదైతే పడ్డాక లీష్ సాగి బోర్డు వెనక్కి ముఖం మీదికి వస్తుంది. మైనం మాత్రం ట్రాపికల్ అని రాసి ఉన్నదే కొనండి. మా చన్నీళ్లలో వాడేది మీ దగ్గర వైజాగ్ ఎండకు కరిగి కారిపోతుంది.