రీసెట్ బటన్ ఉండగా బ్యాకప్ ఎందుకు?

నల్లకుంట నైట్‌షిఫ్ట్:
నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ మీదే నడుస్తుంది. మొన్న శనివారం విండోస్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా రిపేర్ చేస్తున్నానంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. చివరికి ‘రీసెట్ దిస్ పీసీ’లోకి వెళ్లి, ‘కీప్ మై ఫైల్స్’ నొక్కి పడుకున్నాను. పొద్దున లేచేసరికి సిస్టమ్ కొత్తదానిలా ఉంది. ఫోటోలు, డాక్యుమెంట్లు ఒక్కటీ పోలేదు.

ఇది చెప్తే మా ఫ్రెండ్ ‘అయినా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొను’ అంటాడు. ఎందుకు? విండోస్‌లో రిస్టోర్ ఉంది, రీసెట్ ఉంది, మ్యాక్‌లోనూ రికవరీ ఉంది. ముఖ్యమైనవి ఎలాగూ డి డ్రైవ్‌లో పెట్టుకుంటాం. మామూలు ఇంటి వాడకానికి ఇవి చాలవా? చాలవంటే కారణం చెప్పండి. భయపెట్టొద్దు.

చిక్కడపల్లి డీటీపీ:
బ్రదర్, నాదీ అదే బటన్ కథ. పెళ్లి కార్డుల సీజన్‌లో సిస్టమ్ మొరాయిస్తే నేనూ ‘కీప్ మై ఫైల్స్’ నొక్కాను. ఫైళ్లన్నీ ఉన్నాయి, నిజమే. కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ లేదు, తెలుగు అక్షరాలకి వాడే అను ఫాంట్లు లేవు. డెస్క్‌టాప్ మీద మాత్రం ఏమేం తీసేసిందో ఒక లిస్టు పెట్టి వెళ్లింది, సామాను తీసుకెళ్లి రసీదు ఇచ్చినట్టు.

వేరే సిస్టమ్‌లో ఎలాగో ఫైల్ తెరిచాను. ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, ఇంగ్లీషు అక్షరాల ముక్కలు. అను పాత ఎన్‌కోడింగ్ కదా, ఫాంట్ లేకపోతే తెలుగు కనబడదు. పెళ్లికూతురి మేనమామ నా వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ‘ఇది ఏ భాష?’ అన్నాడు.

నల్లకుంట నైట్‌షిఫ్ట్:
అన్నా, నవ్వొచ్చింది, సారీ. కానీ మీ ఉదాహరణ నా వైపే ఉంది. ఫైళ్లు పోలేదుగా? పోయింది సాఫ్ట్‌వేర్. హార్డ్ డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ చేసి పెట్టుకున్నా పేజ్‌మేకర్ తిరిగి వచ్చేది కాదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో వెర్షనే రాలేదు. ఆ సీడీ దాచుకోకపోవడానికి విండోస్ ఏం చేస్తుంది?

చిక్కడపల్లి డీటీపీ:
ఒప్పుకుంటాను. ఉత్త ఫైళ్ల కాపీ నన్ను కాపాడేది కాదు. మొత్తం డిస్క్‌ని ఉన్నదున్నట్టు తీసే ఇమేజ్ బ్యాకప్ ఉంటే అరపూటలో పని మొదలయ్యేది. ఇప్పుడు నెలకోసారి తీస్తున్నాను. ఆ పెళ్లి మాత్రం వేరే షాపు కార్డులతో జరిగింది.

సీటీసీ మెకానిక్:
సికింద్రాబాద్‌లో రిపేర్ బెంచీ మీద పదిహేనేళ్లుగా కూర్చుంటున్నాను. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది రిస్టోర్, రీసెట్, బ్యాకప్ మూడూ ఒకటే అనుకుంటారు. ఆ తికమక తీరితే సగం గొడవ ఉండదు.

సిస్టమ్ రిస్టోర్ 2000లో విండోస్ ఎంఈతో వచ్చింది. అది చూసుకునేది సిస్టమ్ ఫైళ్లు, డ్రైవర్లు, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీ. కొత్త డ్రైవర్ వేశాక స్క్రీన్ నల్లబడితే నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది. మీ పాప బర్త్‌డే ఫోటోలు పొరపాటున డిలీట్ చేసి రిస్టోర్ కొడితే రావు. వారానికి ఒకరైనా వచ్చి ‘రిస్టోర్ చేశాం సార్, ఫోటోలు రాలేదు’ అంటారు. రీసెట్ అయితే విండోస్‌ని మళ్లీ వేసుకుంటుంది, అంతే.

ఇక డి డ్రైవ్. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే సిస్టమ్ అమ్మేటప్పుడు సి, డి అని విడగొట్టి ఇచ్చేది మా లాంటి వాళ్లమే. కస్టమర్లు డి అంటే వేరే డిస్క్ అనుకుంటారు. ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఒకటే డిస్క్. ఒకే బీరువాలో పై అర, కింది అర. విండోస్ పాడైతే కింది అర పనికొస్తుంది. బీరువానే తగలబడితే? రికవరీ పార్టిషన్ కూడా ఆ బీరువాలో మూడో అరే.

పాత హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుంది, కాస్త టైమ్ ఇస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే చిప్పుల డిస్క్, ఎస్ఎస్‌డీ, తరచుగా చెప్పాపెట్టకుండా పోతుంది. పైగా అందులో ట్రిమ్ అని ఒకటి ఉంటుంది, డిలీట్ చేసిన చోటుని ఖాళీ చేసి పెట్టేస్తుంది. అందుకే డిలీట్ అయిన ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగడం ఎస్ఎస్‌డీలో చాలాసార్లు కుదరదు.

బర్కత్‌పురా లెడ్జర్:
మెకానిక్ గారూ, బీరువా బయట ఇంకొకటి ఉన్నా పోతుంది. మా క్లయింట్ ఒకాయన ఆఫీసులో చూశాను. ట్యాలీ డేటా రోజూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్తుంది, చాలా క్రమశిక్షణ. కాకపోతే ఆ డిస్క్ ఇరవై నాలుగు గంటలూ సిస్టమ్‌కే తగిలించి ఉంటుంది. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, వచ్చి రెండింటినీ కలిపి తాళం వేసింది. విండోస్ తీసిపెట్టే పాత కాపీలు, షాడో కాపీలంటారే, వాటినైతే ముందే చెరిపేసింది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ చేసిందీ అదే.

జీఎస్టీ రిటర్న్ గడువుకి నాలుగు రోజులు. ఇద్దరు అమ్మాయిలు కాగితపు బిల్లులు పక్కన పెట్టుకుని మొదటి నుంచి ఎంట్రీ కొట్టారు. అందుకే, నల్లకుంట బాబూ, రికవరీ చాలదనే మాట నిజమే. డిస్క్ కొనేస్తే అయిపోతుందనే మాట కూడా నాకు నమ్మబుద్ధి కాదు. కాపీ అవ్వగానే పీకేయాలి.

గచ్చిబౌలి ఆన్‌కాల్:
అందరూ రికవరీ మీద పడ్డారు, దాని తరఫున ఒక మాట చెప్తాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్లి సుమారు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలి తెర మీద ఆగిపోయాయి. ఎయిర్‌పోర్టుల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసింది ఆ రోజే. అప్పుడు ఎక్కువ మందికి కావాల్సింది బ్యాకప్ కాదు. సేఫ్ మోడ్‌లోకో రికవరీ తెరలోకో వెళ్లి ఒక ఫైల్ తీసేస్తే సిస్టమ్ లేచింది. మొత్తం బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించే వాళ్లకి పని పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

అయితే చాలామంది అక్కడే ఇరుక్కుపోయారు, ఎందుకంటే డిస్క్‌కి బిట్‌లాకర్ ఉంది, డిస్క్ మొత్తానికి వేసే విండోస్ తాళం. 48 అంకెల రికవరీ కీ ఉంటే తప్ప లోపలికి వెళ్లలేరు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో ఈ ఎన్‌క్రిప్షన్ చాలావాటికి దానంతటదే ఆన్ అయి ఉంటుంది. మీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ఎప్పుడైనా చూశారా?

నల్లకుంట నైట్‌షిఫ్ట్:
చూడలేదు. సరే, డిస్క్ పోతే అన్నీ పోతాయన్నది ఒప్పుకుంటున్నా. కానీ నా ఫోటోలు ఫోన్ నుంచి గూగుల్‌లోకి, డాక్యుమెంట్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్తున్నాయి. అప్పుడు?

సీటీసీ మెకానిక్:
అది సింక్. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్. వన్‌డ్రైవ్ పర్సనల్ అకౌంట్ రీసైకిల్ బిన్‌లో 30 రోజులుంటుంది, ఆ లోపు గుర్తొస్తే అదృష్టం. ఏమీ లేనిదానికంటే నూరుపాళ్లు నయం. ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ, మీవి నిజంగా అన్నీ వెళ్తున్నాయో, ‘స్టోరేజ్ ఫుల్’ అని ఎప్పుడో ఆగిపోయాయో చూసుకోండి.

టోలిచౌకి గ్రౌండ్‌ఫ్లోర్:
నా దగ్గర ఒకటి కాదు, రెండు డిస్కులు ఉండేవి. రెండూ కంప్యూటర్ టేబుల్ కింది సొరుగులో. 2020 అక్టోబర్ వానలకి ఇంట్లోకి నడుములోతు నీళ్లు, ఆ సొరుగు మునిగింది. ఇప్పుడు ఒకటి మా అక్క వాళ్లింట్లో, మూడో అంతస్తులో ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు మార్చుకొస్తాను.

చిక్కడపల్లి డీటీపీ:
ఇంతకీ నల్లకుంట బ్రదర్ ఎక్కడ? నిద్రపోయాడా?

నల్లకుంట నైట్‌షిఫ్ట్:
లేదన్నా, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తున్నా. సి, డి రెండూ ‘డిస్క్ 0’ కిందే ఉన్నాయి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంది, అంటే నేను గొప్పగా చెప్పిన రిస్టోర్‌కి వెనక్కి వెళ్లడానికి దాచిన పాయింట్ ఒక్కటి కూడా లేదు. వన్‌డ్రైవ్ మార్చిలో నిండి ఆగిపోయింది.

టైటిల్ మాత్రం మార్చను, శనివారం నన్ను లేపింది ఆ బటనే. కానీ నాన్న పెన్షన్ కాగితాల స్కాన్లు, అమ్మ పాత ఫోటోలు డిలోనే ఉన్నాయి. ఇంట్లో ఉన్న 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టాను. ఇంకా 40 నిమిషాలు అంటోంది. కరెంటు పోకుండా ఉంటే చాలు.