చర్చ: వాక్యం చదువుతున్నా వణుకు ఆగడం లేదు. మీకెలా గడిచింది?

రాత్రి మెలకువ
అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడ చదువుకుంటూ పోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా ఆయనకి మెడ దగ్గర గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టుకి తొమ్మిది రోజులు పడుతుందన్నారు. ఇవాళ నాలుగో రోజు. పగలు ఏదో పనిలో పడి గడిచిపోతోంది. రాత్రి రెండున్నరకి మాత్రం ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, అరచేతుల్లో చెమట. పక్కన ఆయన ఊపిరి చప్పుడు వింటూ, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పడుకుంటున్నాను.

బైబిల్లో కీర్తన 91 నాకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు సండే స్కూల్లో అప్పజెప్పాను. ఇప్పుడూ అదే చదువుతున్నాను. "నీకు అపాయమేమియు రాదు" అన్న చోటికి వచ్చేసరికి గొంతు పట్టేస్తోంది. వస్తే? ఆ మాట పైకి అనలేను, లోపల అనుకోకుండా ఉండలేను. ఒక పెద్దావిడతో చెప్పుకుంటే "విశ్వాసం ఉన్నచోట భయం ఉండదమ్మా" అన్నారు. అప్పట్నించి భయానికి తోడు, భయపడుతున్నానన్న సిగ్గు కూడా పట్టుకుంది.

ఇలాంటి రోజులు దాటినవాళ్లుంటే రాయండి. సలహాలే అక్కర్లేదు, మీకెలా గడిచిందో చెప్పినా చాలు.

ఒలీవ మొక్క
అక్కా, మీ ఇద్దరి కోసం ప్రార్థన చేసుకునే ఇది రాస్తున్నాను. ముందా సిగ్గు సంగతి వదిలేయండి. "దేనినిగూర్చియు చింతపడకుడి" అని ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసింది అపొస్తలుడు పౌలు, అదీ సంకెళ్లలో ఉండి. ఆ పౌలే 2 కొరింథీయులు 11లో తిన్న దెబ్బలు, ఓడ పగిలిన సంగతులు అన్నీ ఏకరువు పెట్టి, ఇవి చాలవన్నట్టు సంఘాలన్నిటి గురించిన చింత కూడా రోజూ తనకుందని చెప్పుకున్నాడు. మూల భాష గ్రీకులో రెండు చోట్లా ఒకే మూలంలోంచి వచ్చిన మాట. చింతపడొద్దని రాసినవాడికే చింత తప్పలేదు. ఆయన్ని అల్పవిశ్వాసి అని ఎవరంటారు చెప్పండి?

గట్టి పునాది
వందనాలు సిస్టర్. బాధపెట్టాలని కాదు గానీ వాక్యం వాక్యమే. "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును" అని 1 యోహాను 4:18లో ఉంది. భయాన్ని మనం వెనకేసుకు రాకూడదు. బైబిల్లో "భయపడకుము" అని 365 సార్లుంది, రోజుకొకటి చొప్పున. ఆ వాక్యాన్ని నోటితో ఒప్పుకోండి, జయం మీదే.

చివరి బెంచీ
బ్రదర్, ఆ 365 లెక్క నేనూ చాలా ఏళ్లు నమ్మాను, పదిమందికి ఫార్వర్డ్ కూడా చేశాను. ఓ సెలవు రోజు కాంకార్డెన్స్ (బైబిల్లో ఏ మాట ఎక్కడుందో చూపే పుస్తకం) ముందేసుకుని లెక్కపెట్టడం మొదలెట్టా. "భయపడకుడి", "దిగులుపడకుము", "జడియకుము" అన్నీ కలుపుకున్నా దాని దరిదాపుల్లోకి రాలేదు. ఏం ఫర్వాలేదు, ఒక్కసారి చెప్పినా దేవుడు చెప్పిందే కదా.

యోహాను మాట సంగతి. దాని ముందు వచనం తీర్పు దినం గురించి. మీరు చెప్పిన వచనంలోనే "భయము దండనతో కూడినది" అని కూడా ఉంది. దేవుడు నన్ను శిక్షిస్తాడేమో అన్న భయం గురించి ఆయన రాశాడు. భర్త రిపోర్టు కోసం చూస్తున్న ఇల్లాలి గుండె దడకి ఆ వచనం తెచ్చి తగిలించడం న్యాయం కాదని నా ఉద్దేశం.

"భయపడకు" అన్న మాట ఎవరు ఏ గొంతుతో అంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. పోలీసాయన అంటే ఒకలా, చీకట్లో ఉలిక్కిపడి లేచిన పిల్లాడితో అమ్మ అంటే ఇంకోలా. మన తెలుగులో యెషయా 41:10 "నీకు తోడైయున్నాను భయపడకుము" అని ఉంటుంది. తోడు ముందు, భయపడకు అన్నది తర్వాత. ఆ వరస నాకు భలే ఇష్టం.

గుడారం
రాత్రి మెలకువ గారూ, కీర్తన 91 దగ్గర గొంతు పట్టేయడం అంటే ఏంటో నాకు తెలుసు.

మా అమ్మ పోయాక ఆవిడ బైబిలు నా దగ్గరికొచ్చింది. 91 ఉన్న పేజీ తిప్పితే చప్పుడు రాదు, పాతబట్టలా మెత్తబడిపోయింది. అమ్మ మంచాన ఉన్న పదకొండు నెలలూ పక్కన కూర్చుని నేను చదివింది కూడా ఆ పేజీయే. అమ్మ బతకలేదు. తర్వాత ఏడాది పైనే ఆ కీర్తన జోలికి పోలేదు. కోపం. ఎవరి మీదని అడిగితే చెప్పేవాణ్ని కాదు గానీ, ఆయన మీదే.

మళ్లీ దాని దగ్గరికి ఎలా వచ్చానంటే, మత్తయి 4 చదువుతుంటే. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి సాతాను యేసుకి చెప్పిన వాక్యం ఈ కీర్తనలోదే, 11, 12 వచనాలు. దూకు, దూతలు చేతులమీద ఎత్తుకుంటారు, రాసుంది కదా అన్నాడు. ఇది ఎన్నిసార్లు విన్నానో, ఆ రోజు మాత్రం పుస్తకం మూసి కూర్చుండిపోయాను. ఈ కీర్తనని తాయెత్తులా కట్టుకుని, ఇక నాకేం కాకూడదు అనడం ఎవరి పద్ధతో చూడండి. యేసు దూకలేదు. అలాగని ఆ కీర్తన అబద్ధమనీ అనలేదు. ఆ తర్వాత సిలువ మీద ఆయన్ని ఎత్తుకోవడానికి ఏ దూతా రాలేదు.

అప్పుడు 91 మళ్లీ మొదట్నించీ చదివాను. 15వ వచనం అన్నేళ్లలో ఎప్పుడూ కంటికి ఆనలేదు. "శ్రమలో నేనతనికి తోడై యుండెదను." ఈ "లో" అన్న ఒక్క అక్షరం మీద నేను ఇప్పటికీ బతుకుతున్నాను. శ్రమ ఉంటుందని ఆ కీర్తనే ఒప్పుకుంటోంది కదా.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. అమ్మకి పెన్సిలుతో గీతలు గీసే అలవాటు. 91 నిండా గీతలే. కానీ కీర్తన 88 ఆఖర్న, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న చోట, పక్కన సన్నగా ఒక టిక్కు ఉంది. ఆ కీర్తన అంతటితో అయిపోతుంది. చివర్లో స్తోత్రం లేదు, ఆశ మాట లేదు. మా ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పిన మనిషి అమ్మ. ఆ టిక్కు ఏ రాత్రి పెట్టుకుందో! దేవుడితో ఆ మాట కూడా అనొచ్చని ఆవిడకి తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది.

ఒలీవ మొక్క
గుడారం అన్నా... ఇది చదివి కాసేపు ఏం రాయబుద్ధి కాలేదు.

రొదే
నా పేరేంటని ఇక్కడ చాలామంది అడుగుతుంటారు, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతా. అపొస్తలుల కార్యములు 12లో పేతురు చెరసాల్లోంచి బయటపడి వచ్చి తలుపు తడితే, సంతోషంలో తలుపు తీయడం మరిచిపోయి లోపలికి పరుగెత్తిన పిల్ల రొదే. లోపల అందరూ కూడి ప్రార్థన చేస్తున్నారు. ఈ పిల్ల వెళ్లి పేతురొచ్చాడంటే నీకు పిచ్చెక్కిందన్నారు! మనిషి గుమ్మంలో నిలబడి తడుతూనే ఉన్నాడు, పాపం. ఆ పాటి విశ్వాసంతో చేసిన ప్రార్థనని కూడా దేవుడు విన్నాడు. అందుకే ఎవరైనా నా విశ్వాసం కొలవడానికి వస్తే నేను ఈ అధ్యాయం ముందు పెడతాను.

అయితే అదే అధ్యాయం 2వ వచనంలో హేరోదు యోహాను అన్నయ్య యాకోబుని కత్తితో చంపించాడు. ఒకే రాజు, ఒకే సంఘం. ఒకాయన పోయాడు, ఒకాయన ఇంటికొచ్చాడు. ఎందుకలా అన్నదానికి ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకూ తెలీదు. తెలుసన్నవాళ్లు చెప్పే కారణాలు విన్నప్పుడల్లా తలనొప్పి వస్తుంది.

లెక్కల మాస్టారు
నా అనుభవం కొంచెం వేరు. నాకు కారణం లేకుండానే భయం వస్తుంది. ఓసారి క్లాసులో బోర్డు వైపు తిరిగి లెక్క చేస్తుంటే చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కింది, ఊపిరి అందలేదు, చచ్చిపోతున్నాననే అనుకున్నాను. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. పానిక్ అటాక్ అన్నారు. సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి వెళ్లి, మెల్లగా దానంతటదే దిగుతుందని డాక్టరు గారు చెప్పారు. ఈ ఒక్క సంగతి తెలియడమే నాకు సగం మందు.

మిగతా సగం నిజంగా మందే. మాత్రలు వేసుకుంటున్నాను, దాచాల్సిన పనేముంది? పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. కడుపు జబ్బు పడ్డ తిమోతికి పౌలు విశ్వాసం పెంచుకోమని రాయలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకి దూత ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి, లేచి తిను అన్నాడు. తిని మళ్లీ పడుకుంటే ఇంకోసారి లేపి తినిపించాడు. ఆ తర్వాతే ప్రయాణం.

ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ గారి పేరు మనందరికీ తెలిసిందే. 1856లో లండన్‌లో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో మంట అని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకి 22 ఏళ్లు. ఆ దెబ్బ నుంచి పూర్తిగా ఎప్పుడూ తేరుకోలేదు, జీవితమంతా కుంగుబాటుతోనే సేవ చేశాడు. ప్రసంగ వేదిక మీద నిలబడేవాళ్లకి భయాలుండవని ఎవరైనా అంటే ఈయన్ని గుర్తుచేసుకోండి.

అమ్మా, నిద్ర లేకుండా ఇన్ని రాత్రులు నెట్టుకురావడం మంచిది కాదు. మీరు కూడా ఒకసారి డాక్టరుతో మాట్లాడండి.

చిన్న చీటీ
పెద్ద కీర్తనలు ఆ సమయంలో నాకు బుర్రకెక్కవు. ఊపిరికి సరిపడేంత మాట కావాలి. కీర్తన 56:3లోది వాడుకుంటాను. ఊపిరి పీల్చేటప్పుడు "నాకు భయము సంభవించు దినమున", నెమ్మదిగా వదిలేటప్పుడు "నిన్ను ఆశ్రయించుచున్నాను". వదలడం పీల్చడం కన్నా ఎక్కువసేపు ఉండేలా చూసుకోండి. ఆ కీర్తన రాసిన దావీదు కూడా భయం వేసిందని ముందే ఒప్పేసుకున్నాడు, గమనించారా?

గట్టి పునాది
365 లెక్క తప్పని ఒప్పుకుంటున్నాను, ఇకమీద పంపను. మిగతాది పూర్తిగా ఒప్పుకోను. నాకు వాక్యం గట్టిగా పైకి అనకపోతే లోపల మొదలయ్యే గోల వేరే. మా బాబు ఇంక్యుబేటర్లో ఉన్న పదహారు రోజులూ ఆ అద్దం ముందు నిలబడి అరిచినంత పని చేశాను. నర్సమ్మ రెండుసార్లు బయటికి పంపింది. నా తీరు అది. అందరికీ అదే కుదరాలని అనడం పొరపాటే, సిస్టర్ క్షమించాలి.

నాది నైట్ డ్యూటీ. రెండున్నరకి ఎలాగూ మెలకువగానే ఉంటాను. మీకు మెలకువ వస్తే ఇక్కడ ఒక్క చుక్క పెట్టండి, ఏమీ రాయక్కర్లేదు. ఆ నిమిషాన నేను ప్రార్థన చేస్తాను.

రాత్రి మెలకువ
అందరికీ ఏమని చెప్పను. ఇవాళ ఆరో రోజు. గుడారం అన్నయ్య రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, కాసేపటికి "నాకూ భయంగానే ఉంది" అన్నారు. ఇన్ని రోజుల్లో ఆ మాట అనడం ఇదే మొదలు. నన్ను కంగారుపెట్టకూడదని ఆయనా, ఆయన్ని కంగారుపెట్టకూడదని నేనూ దాచుకుంటూ వచ్చాం.

రాత్రి ఇద్దరం కలిసి మార్కు 4 చదివాం. దోనెలోకి నీళ్లొస్తుంటే యేసు వెనక అమరంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యులు లేపి "నీకు చింతలేదా" అని అడిగారు. నేను నాలుగు రోజులుగా అడగాలనుకుని అడగలేకపోయింది సరిగ్గా ఆ ప్రశ్నే. మార్కులో ఆయన ముందు గాలిని ఆపి, ఆ తర్వాతే మీకు నమ్మిక లేదా అని అడిగాడు. ఆ మాట ముందు వాళ్లూ నాలాగే వణికారు కదా.

నిన్న ఒకేసారి మెలకువ వచ్చింది. చిన్న చీటీ చెప్పినట్టు చేశాను. మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదలెట్టాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు.

లెక్కల మాస్టారు
లెక్క తప్పడం మంచిదేనమ్మా. లెక్కల మాస్టారు చెబుతున్నాడు.

రాత్రి మెలకువ (రాత్రి 2:34)
.

గట్టి పునాది (రాత్రి 2:35)
ఉన్నాను సిస్టర్.

గుడారం (రాత్రి 2:41)
నేనూ ఉన్నాను.