93 శాతం పోలిక వస్తే కొత్త జాతి అనుకోవచ్చా? (ఎర్రనల్లిని తినే అక్షింతల పురుగు)

కడియం ఎమ్మెస్సీ:
నమస్కారమండి. మాది కడియపులంక, నాన్నగారికి గులాబీ నర్సరీ ఉంది. ఈ వేసవిలో ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి పట్టి ఆకుల వెనకంతా బూజులా అల్లేసింది. అక్కడే ఆవగింజ కంటే చిన్న నల్ల పురుగులు కనిపించాయి. లెన్సులో చూస్తే ఒంటినిండా సన్నటి నూగు, కాళ్లు పసుప్పచ్చ. ఒకటి నల్లి గుడ్డుకి నోరు ఆనించి కదలకుండా నిలబడింది. కాసేపటికి గుడ్డు నలిగిన పొరలా మిగిలింది, అది పక్క గుడ్డు మీదకి పోయింది.

నల్లిని తినే అక్షింతల పురుగుల్లో స్టెథోరస్ అనే ప్రజాతి అనుకుని, మూడింటిని స్పిరిట్‌లో వేసి బార్‌కోడింగ్‌కి (డీఎన్ఏ ముక్క చదివి జాతిని పోల్చే పరీక్షకి) ఇచ్చాను. ఒక్కదానికే ఫలితం వచ్చింది, సీఓఐ జన్యువులో 658 అక్షరాలు. డేటాబేస్‌లో దగ్గరగా ఉన్నది స్టెథోరసే గానీ పోలిక 93 శాతమే. కొత్త జాతి దొరికినట్టేనా? మా గైడ్‌గారిని అడిగేముందు ఇక్కడ అడుగుతున్నా, నవ్వకండి.

ల్యాబ్ మనిషి:
నవ్వడానికేం లేదు గానీ, అప్పుడే పేరు పెట్టేయకండి. మీ పురుగు జాతికి ఎప్పుడో పేరు పెట్టే ఉండొచ్చు, దాని బార్‌కోడే ఎవరూ ఎక్కించి ఉండకపోవచ్చు. ఎక్కించినవాళ్లు తప్పు పేరుతో ఎక్కించడమూ మామూలే. ముందు ఆ వరసను ప్రొటీన్‌లోకి మార్చి, మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపేసే గుర్తు) లేదని చూసుకోండి. ఉంటే అది అసలు జన్యువు కాక, పనిచేయని నకలు అయ్యుండొచ్చు. ఇంతకీ పురుగు ఒళ్లు మిగిలిందా?

కడియం ఎమ్మెస్సీ:
లేదండి. మూడూ నూరేశారు.

రిటైర్డ్ మాస్టారు:
అయ్యో తల్లీ! స్టెథోరస్‌లన్నీ పైకి ఒక్కలాగే ఉంటాయి. మగపురుగు జననాంగం కోసి చూస్తే గానీ జాతి తేలదు. ఈసారి నూరనివ్వకు. ప్రొటీనేస్ కె అనే, ప్రొటీన్‌ని కరిగించే ఎంజైము కలిపిన బఫర్‌లో రాత్రంతా నానబెట్టమను. లోపలి కండ కరిగి డీఎన్ఏ వస్తుంది, పెంకూ జననాంగమూ అలాగే మిగులుతాయి. దాన్ని కార్డుకి అంటించి, దాని మీద ఆ సీక్వెన్స్ నంబరే రాసిపెట్టుకో. మెడికల్ షాపు స్పిరిట్ వద్దు, 95 శాతం దాటిన ఇథనాల్ పోసి ఫ్రిజ్‌లో పెట్టు. అందులో వేసేముందు ఒకరోజు పస్తుంచు, లేకపోతే కడుపులోని నల్లి డీఎన్ఏ కూడా కలుస్తుంది. రెక్కలు కురచగా ఉండి పొట్ట చివర బయటికి కనిపిస్తే మాత్రం అది అక్షింతల పురుగు కాదు, ఒలిగోటా అనే వేరే పెంకుపురుగు. అదీ నల్లినే తింటుందిలే.

అంబాజీపేట రైతు:
ఆయ్, మా వంగతోటలోనూ ఇలాంటివే ఉండేవండి. సింథటిక్ పైరిత్రాయిడ్ కొట్టాక ఇవి పోయాయి, నల్లి మాత్రం ముందుకంటే ఎక్కువైంది. మీ నాన్నగారికి చెప్పండమ్మా.

కడియం ఎమ్మెస్సీ:
చెబుదామని వెళ్లేసరికి పొద్దున్నే మందు కొట్టించేశారండి. గులాబీల మీద ఒక్కటీ లేదు. కాలవగట్టు మీద ఆముదం ఆకు వెనక రెండు దొరికితే ఇంజెక్షన్ సీసాలో పస్తుంచాను. మగవో ఆడవో తెలీదు. నాన్నగారు మాత్రం, ఆ సీసా ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టావంటే ఊరుకోనంటున్నారు.