‘యాస’ అనే మాట ఎవరి తెలుగుకు? తెర మీది సంభాషణల గురించి ఒక ప్రేక్షకుని అభిప్రాయం

“ఈ చిత్రం తెలంగాణ యాసలో సాగుతుంది” అని సమీక్షకులు రాయడం సరైనదేనా, అందులో చిన్నచూపు ఏమైనా ఉందా అని సభ్యులొకరు అడిగారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ వాక్యంలో తిట్టు లేదు గాని పక్షపాతం ఉంది. విజయవాడలోనో గుంటూరులోనో కథ నడిచే సినిమాను “కృష్ణా యాసలో తీశారు” అని ఎవరూ రాయరు. అక్కడి మాటతీరు భాష అనిపించుకుంటుంది. శ్రీకాకుళానిది, కర్నూలుది, కరీంనగరుది మాత్రం యాస అవుతుంది. భాషాశాస్త్రవేత్త ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించినప్పుడు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల తెలుగును కూడా ఆ నాలుగింటిలో ఒకటిగానే లెక్కించారు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఆ తరువాత సినిమాలు దానిని ఆధారం చేసుకున్నందువల్ల అది ప్రమాణమైంది గాని, దానికి యాస లేకపోవడం వల్ల కాదు.

మరో చిక్కు కూడా ఉంది. యాస అన్నప్పుడు మన మనసులో ప్రధానంగా మెదిలేది పలికే తీరు, అంటే ఎక్కడ సాగదీస్తారు, ఎక్కడ నొక్కి పలుకుతారు అన్నది. ఒక ప్రాంతపు తెలుగును నిలబెట్టేది అంతకంటె లోతుగా, క్రియారూపాలలోను, విభక్తి ప్రత్యయాలలోను ఉంటుంది. “పోయాడు” అని కొందరనే చోట “పోయిండు” అని, “వచ్చారు” అనే చోట “వచ్చిన్రు” అని, “నేను చేశాను” అనే చోట “నేను చేసిన” అని, “ఇంట్లో” అనే చోట “ఇంట్ల” అని అనడం తెలంగాణ తెలుగుకు వెన్నెముక. సంభాషణలు రాసేవారిలో చాలామంది ఈ సంగతి పట్టించుకోకుండా తమకు అలవాటైన వాక్యాన్నే రాసుకుని, దాని మీద ‘గిట్ల’, ‘గట్ల’, ‘మస్తు’, ‘ఏంది’ అనే నాలుగు మాటలు చల్లుతారు. “గట్లెందుకు చేశావ్, నాకు మస్తు కోపం వచ్చేసింది” వంటి వాక్యం ఏ ఊరిదీ కాదు. “గట్లెందుకు జేసినవ్, నాకు మస్తు కోపమొచ్చింది” అంటే అది ఒక మనిషి నోటి మాట అవుతుంది. ఈ తేడా కరీంనగర్‌లో పెరిగిన ప్రేక్షకుడికి మొదటి సన్నివేశంలోనే తెలిసిపోతుంది, ఆ తరువాత కథ ఎంత బాగున్నా అతనికి ఆ పాత్ర మీద నమ్మకం కుదరదు.

సిరిసిల్ల ప్రాంతం వాడైన వేణు యెల్దండి 2023లో తీసిన ‘బలగం’ నాకు అంతగా నచ్చడానికి మొదటి కారణం ఇదే. అందులోని తెలుగు అలంకారంగా పెట్టింది కాదు, కథే దాని మీద నిలిచింది. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోయిన తరువాత ఆయనకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడమే కథకు కీలకం. ఆ నేల మీద ఈ తంతును “పిట్టకు పెట్టుడు” అంటారు. ఈ ‘పెట్టుడు’ అన్న రూపాన్ని గమనించండి. కోస్తా తెలుగులో ‘పెట్టడం’, ‘రావడం’, ‘పోవడం’ అయ్యేవి అక్కడ ‘పెట్టుడు’, ‘వచ్చుడు’, ‘పోవుడు’ అవుతాయి. అది యాస కాదు, వ్యాకరణం. అల్లుడికీ బావమరుదులకూ మధ్య ఏళ్ళ తరబడి సాగిన పగకు మూలమైన నల్లిబొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక, సంగతి కూడా అలాంటిదే. తెలంగాణలో బొక్క అంటే ఎముక, కోస్తాలో బొక్క అంటే రంధ్రం. నల్లిబొక్క విలువ తెలియని ప్రేక్షకుడికి ఆ కోపం చిల్లరగా కనిపించవచ్చు. విందులో అల్లుడి విస్తట్లో అది పడకపోవడం ఎంత అవమానమో తెలిసినవాడికి అది నిజమైన దుఃఖం. అప్పులపాలైన మనవడి ఉపకథ కొంత తేలిపోయిందని నేను అనుకుంటున్నాను, పెళ్ళి సంబంధం చుట్టూ అల్లిన హాస్యం ఆ మొదటి భాగంలో అవసరానికి మించి ఉంది. అయినా చివర ఇంటివారందరినీ కూర్చోబెట్టి జానపద కళాకారులు పాడే కథాగానంలో వినిపించే తెలుగు ముందు ఆ లోపాలు నాకు చాలా చిన్నవి.

ఇంతవరకు రావడానికి మన సినిమాకు చాలా కాలం పట్టింది. 1985 నాటి ‘ప్రతిఘటన’లో రాజకీయ నాయకుడు కాశయ్య పాత్రకు తెలంగాణ మాటతీరు పెట్టారు, ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావు కృష్ణా జిల్లా కంకిపాడు వారు. ఆయన నటన గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. కాని ఆ చిత్రం తరువాత ఆ మాటతీరు దుర్మార్గపు నాయకుడికీ, మొరటు హాస్యానికీ గుర్తుగా స్థిరపడిపోవడం ఒక ప్రాంతపు ప్రజలకు జరిగిన అన్యాయం. రాయలసీమ విషయం ఇంకొక రకం. కర్నూలు జిల్లాకు చెందిన జయప్రకాశ్ రెడ్డి ‘ప్రేమించుకుందాం రా’, ‘సమరసింహారెడ్డి’ చిత్రాలలో మాట్లాడినది తన సొంత సీమ తెలుగే కనుక అది చెవికి నిండుగా, నిజంగా ఉంటుంది; అయితే ఆ తెలుగుకు తెర మీద దొరికిన పని కక్షలు, వేటకొడవళ్ళు మాత్రమే. “యాడికి పోతాండావు” అని బిడ్డను ఆప్యాయంగా అడిగే సీమ తల్లిని మన సినిమాలు ఎంత అరుదుగా చూపాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. తెలంగాణ పల్లెల కథలు చెప్పిన ‘మా భూమి’, బి. నర్సింగరావు ‘దాసి’ వంటి చిత్రాలు వేరే దారిలో నడిచాయి, కాని పెద్ద సినిమా ఆ దారిని చాలా కాలం పట్టించుకోలేదు.

2017లో వచ్చిన ‘ఫిదా’ను చాలామంది మలుపుగా చెబుతారు. బాన్సువాడ అమ్మాయి భానుమతిగా సాయిపల్లవి తన గొంతుతోనే ఆ తెలుగు పలకడం, అదీ ఆమె తొలి తెలుగు చిత్రంలో కావడం నిజంగా మెచ్చుకోవలసిన విషయం. నాకున్న అభ్యంతరం పాత్రల అమరిక మీద. అమెరికా నుంచి వచ్చిన డాక్టరు అబ్బాయిది ప్రమాణ భాష, పల్లెటూరి అల్లరి పిల్లది తెలంగాణ తెలుగు అయినప్పుడు, చదువుకూ డబ్బుకూ ఒక భాష, ముచ్చటకు మరొక భాష అన్న పాత లెక్కే అక్కడ కొంత మిగిలిపోయింది. 2018 నాటి ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఈ తేడా లేదు. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే ఎక్కువమంది నటించినందువల్ల అందరి నోటా ఒకే నేల మాట వినిపిస్తుంది, ప్రేమించేవాడూ ఆ తెలుగులోనే ప్రేమిస్తాడు.

టీవీ సీరియళ్ళ విషయంలో మాత్రం నాకు ఓపిక తక్కువ. కథ హైదరాబాదులో జరిగినా, వరంగల్‌లో జరిగినా అత్తా కోడళ్ళిద్దరూ ఒకే పుస్తకపు కోస్తా తెలుగు మాట్లాడతారు. పనిమనిషి, వాచ్‌మన్, కూరగాయలు అమ్మే మనిషి మాత్రం ‘గట్ల’ అనో ‘ఏటి’ అనో అంటారు. పొరుగు భాషల నుంచి వచ్చిన నటీమణులకు వేరొకరు గొంతు ఇవ్వడంలో తప్పేమీ లేదు, కాని గొంతు ఎలాగూ వేరేవారిదే అయినప్పుడు ఆ గొంతును కథ జరిగే ఊరి నుంచే ఎంచుకోవచ్చు కదా. రోజూ రాత్రి కుటుంబమంతా కూర్చుని చూసే కార్యక్రమంలో తన ఇంటి తెలుగు పనివాళ్ళ నోట మాత్రమే వినిపిస్తే, ఆ ఇంటి పిల్లలు బడిలో నోరు విప్పడానికి సంకోచించడంలో ఆశ్చర్యం లేదు.

అందుచేత సభ్యులు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇది. ఒక నటుడు పలికే తీరు గురించి, అతని ఉచ్చారణ ఆ ఊరిదిగా ఉందా లేదా అన్న విషయం గురించి రాసేటప్పుడు ‘యాస’ అనండి, కోస్తా నటుల విషయంలో కూడా అనండి. చిత్రం మొత్తాన్ని గురించి చెప్పేటప్పుడు “తెలంగాణ తెలుగులో తీశారు”, “ఉత్తరాంధ్ర తెలుగులో తీశారు”, “కృష్ణా జిల్లా తెలుగులో తీశారు” అని రాయండి.