శాంటా రోసా సేజ్‌కి వేసవిలో నీళ్లు పెట్టాలా, వద్దా?

పెరటిపద్మ (రివర్‌సైడ్, కాలిఫోర్నియా):
సాల్వియా బ్రాండెగీ అనే అరుదైన సేజ్ పొద గురించి అడుగుతున్నా. మన తులసి కుటుంబమే. సహజంగా పెరిగేది కాలిఫోర్నియా దగ్గరి శాంటా రోసా దీవిలో, ఇంకా మెక్సికోలోని బాహా తీరంలో కొద్ది చోట్ల. నిరుడు నవంబర్‌లో రెండు నాటాను. జులైలో ఆకులు వాడిపోతుంటే చూడలేక, పాదు చేసి రోజూ సాయంత్రం నీళ్లు పెట్టా. మూడు వారాల్లో ఒకటి నిలువునా ఎండిపోయింది. పీకి చూస్తే వేరు నల్లగా, మెత్తగా ఉంది, పై తోలు ఊడి చేతికొచ్చింది. రెండోదానికైనా నీళ్లు ఆపేయాలా? టెన్షన్‌గా ఉంది.

రైతుబిడ్డ:
ఆపేయండి పద్మ గారూ. ఇక్కడ వానలు పడేది చలికాలంలో. వేసవిలో ఈ మొక్క పెరగడం మానేసి ఊరుకుంటుంది. నేల వేడిగా, తడిగా ఉందంటే కుళ్లు తెగులుకి అంతకంటే ఏం కావాలి? వేరు కుళ్లితే నీళ్లు పైకెక్కవు, ఆకు వాడుతుంది. దాహమనుకుని మనం ఇంకో బకెట్ పోస్తాం. మల్లెపాదు అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆకు అంచులు కిందికి చుట్టుకుని ఉండటం, అడుగున తెల్లటి నూగు, ఇవి దాని సహజ రూపమే, కంగారుపడకండి.

వేపచెట్టు:
రోజూ పోయడం తప్పే. కానీ అన్నా, పూర్తిగా ఆపమంటే నేను ఒప్పుకోను. ఆ దీవిలో వేసవంటే సముద్రం మీంచి వచ్చే పొగమంచు, చల్లగాలి. రివర్‌సైడ్‌లో 40 డిగ్రీలు! ఊటీ మొక్కని అనంతపురంలో పెట్టి ‘మన దేశపుదేగా, బతుకుతుందిలే’ అంటామా? పైగా మొదటి వేసవి, వేరు ఇంకా లోతుకు దిగలేదు. రెండు మూడు వారాలకోసారి, చల్లటి పొద్దున, మొదలుకి అడుగు దూరంలో నిదానంగా పెట్టాలి. మధ్యాహ్నం కాస్త నీడ ఇవ్వాలి.

రైతుబిడ్డ:
ఇసుక నేలైతే మీ మాటే. బంకమట్టి అయితే అదీ ప్రమాదమే. పద్మ గారూ, పక్కన అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూడండి.

పెరటిపద్మ:
నిన్న సాయంత్రం నింపా. పొద్దున చూస్తే ఇంకా సగం నీళ్లు అలాగే ఉన్నాయి. పాదు చదును చేసేశా. పడమటి వైపు నీడకి గుడ్డ కట్టా. నాలుగు వేళ్ల లోతున మట్టి పొడిగా తగిలేదాకా చుక్క పోయను. ఎండిపోయినదాని చోట నవంబర్‌లో గులకరాళ్లు కలిపి దిబ్బ పోసి, దాని మీద కొత్త మొక్క పెడతా.